విశాఖలో మూడు రోజులు, పౌడరు డబ్బాడు ఇసుక

తాడిపత్రిలో నాది బండల అంగడి. కడప బండలు, గ్రానైట్ పలకలు, వంటింటి గట్లు, అప్పుడప్పుడు సమాధి రాళ్లు. ముప్పై ఏళ్లుగా రాళ్ల మీదే బతుకుతున్నా, రాళ్లు చూడటానికని ఒక ఊరు వెళ్లింది లేదు. ఇప్పుడు వెళ్లింది కూడా అందుకు కాదు. మా బావమరిది విశాఖపట్నంలో ఫ్లాట్ కొన్నాడు. "బావా, వంటింటి రాయి నువ్వొచ్చి చూస్తే గానీ మీ చెల్లెలు ఒప్పుకోదు" అని నెల రోజులుగా ఒకటే ఫోన్లు. ఆ మీ చెల్లెలంటే అతని భార్యే.

తిరిగొచ్చి నాలుగు రోజులైంది. చెప్పులకు ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. అది రాలిపోకముందే రాసేస్తున్నాను.

డిసెంబర్ 11, గురువారం: నిమ్మకాయ పట్టుకుని అంగళ్లకు

పొద్దున ఇడ్లీలోకి పోసిన సాంబారు తియ్యగా ఉంది. పప్పుచారులో, సాంబారులో బెల్లం ముక్క పడకపోతే ఇక్కడ వంట పూర్తయినట్టు కాదట. అనకాపల్లి బెల్లం పక్కనే దొరుకుతుంటే వేయక ఏం చేస్తారు! నేనేమీ అనకుండా తిన్నాను. మా బావమరిది మాత్రం నా మొహం చూసి, లేచి వెళ్లి, నాలుగు పచ్చిమిరపకాయలు తెచ్చి ప్లేటు పక్కన పెట్టాడు.

తర్వాత మూడు అంగళ్లు తిరిగాం. పేర్లు ఎందుకులెండి. మొదటి దాంట్లో ఒక నల్ల పలక చూపించి ఇదేం రాయి అన్నాను. "గ్రానైటండి." దాని పక్కన బూడిద రంగుది? "అదీ గ్రానైటేనండి." మూలన గోడకు ఆనించిన పలక మా వైపు నుంచి వచ్చిన కడప బండ. సొంత ఊరి మనిషిని గుర్తు పట్టినట్టు పట్టాను. "అది కూడా గ్రానైటేనండి, కాస్త చవక రకం."

జేబులోంచి నిమ్మకాయ తీశాను. ఇది మా వ్యాపారంలో పాత పరీక్షే. రసం నాలుగు చుక్కలు పిండి, పది నిమిషాలు ఆగి తుడవాలి. అసలు గ్రానైట్ అయితే ఏమీ కాదు. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు తగిలితే మెరుపు తినేస్తుంది, చుక్క పడినంత మేర తెల్లగా మచ్చ తేలుతుంది. అల్మారా అరలకు, గచ్చుకు భేషుగ్గా ఉంటుంది గానీ రోజూ చింతపండు, టమాటా పడే గట్టుకు పనికిరాదు. మచ్చ చూసి అంగడి కుర్రాడు మొహం అటు తిప్పుకున్నాడు. నేను కాస్త గొప్పగానే బయటికి వచ్చాను.

ఆ గొప్ప ఇంటికి చేరేదాకే నిలిచింది. మా బావమరిది కొడుకు ఎనిమిదో తరగతి. వాణ్ణి అందరూ చిన్నోడు అంటారు. మధ్యాహ్నం పరీక్ష రాసి తొందరగా వచ్చేసి, కథంతా విని, "మరి నువ్వు అమ్మేవన్నీ నిజంగా గ్రానైటేనా మామయ్యా?" అన్నాడు. ఆ అన్నాను. "నీకెలా తెలుసు?" మా నాన్న చెప్పాడు. మా నాన్నకు క్వారీవాళ్లు చెప్పారు. అంతకంటే జవాబు నా దగ్గర లేదు. యూనివర్సిటీలో రాళ్ల మ్యూజియం ఉందని, వాళ్ల సైన్స్ సారు చదువుకున్నది అక్కడేనని వాడే చెప్పాడు.

అన్నం తిని ఒక్కణ్ణే ఆటో ఎక్కాను. మ్యూజియం అన్నాను. తప్పు నాదే, రాళ్లది అని చెప్పలేదు. నూట ఇరవై రూపాయలు తీసుకుని బీచ్ రోడ్డులో దింపాడు. ఎదురుగా ఒడ్డుకెక్కిన జలాంతర్గామి, ఐఎన్ఎస్ కుర్సురా. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ఇక్కడ జనానికి లోపల తిరిగే మ్యూజియంగా ఉంది.

"ఇది కాదయ్యా, నేనడిగింది రాళ్ల మ్యూజియం."

"రాళ్లు సూడ్డానికి మ్యూజియమేటి బావు? కొండ నిండా ఉన్నాయి కదా బోల్డు!"

అని కైలాసగిరి వైపు చెయ్యి చూపించాడు. అతనితో వాదించలేకపోయాను. ఎలాగూ వచ్చానని జలాంతర్గామి లోపలికి వెళ్లి, తల రెండుసార్లు కొట్టుకుని బయటపడ్డాను.

సాయంత్రం ఇంటిల్లిపాదీ బీచికి వచ్చారు. చిన్నోడి చేతిలో పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. అల వెనక్కి పోయిన చోట ఇసుక మీద కాటుక గీతల్లా నల్లటి చారలు. వాటి మీద అయస్కాంతం ఆడిస్తే నల్ల రేణువులు మీసాల్లా లేచి అంటుకున్నాయి. అన్నీ కాదు, కొన్ని నల్లవి కదల్లేదు. అవి పక్కకు తీస్తే అడుగున లేత ఊదా ఎరుపు రంగు ఇసుక తేలింది, కుంకుమ కలిపినట్టు. ఎందుకు అంటుకోలేదు, ఆ ఎరుపు ఏమిటి అని వాడు అడుగుతూనే ఉన్నాడు. ముంత మసాలా తింటూ నేను వినపడనట్టు ఊరుకున్నాను. అది నలభై రూపాయలు, నిమ్మ బాగా పిండించుకున్నాను. వాడు ఖాళీ పౌడరు డబ్బా నిండా ఆ ఇసుక నింపుకున్నాడు.

డిసెంబర్ 12, శుక్రవారం: ఔట్ గేటులోంచి లోపలికి

చిన్నోడికి కడుపునొప్పి అని స్కూలుకు చీటీ వెళ్లింది. రాసింది నేనే.

ఆంధ్రా యూనివర్సిటీకి ఒక ఇన్ గేటు, ఒక ఔట్ గేటు. ఊళ్లో బస్‌స్టాపులకు, ఆటోవాళ్లకు, టీకొట్టు అడ్రసులకు కూడా అవే పేర్లు. మేము ఔట్ గేటు దగ్గర దిగి దర్జాగా లోపలికి నడిచాం. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చిన విశ్వవిద్యాలయం ఇది, కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. మా రాయలసీమ మనిషి కదా అని నడుస్తూ చిన్నోడికి గొప్పలు చెబుతుంటే దారి తప్పింది. చెట్ల నీడ చూసుకుంటూ పోయి పోయి ఇంజనీరింగ్ వైపు తేలాం. ఇద్దరు అమ్మాయిలు నవ్వి, "జియాలజీ అటు కాదు సార్, వెనక్కి వెళ్లాలి" అన్నారు. మళ్లీ వెనక్కి. మధ్యలో క్యాంటీన్‌లో టీ, వాడికి సమోసా, ముప్పై రూపాయలు.

డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఎందుకొచ్చారని అడిగారు. బండల వ్యాపారం, రాళ్లు చూద్దామని అన్నాను. మమ్మల్ని డబ్బు అడగలేదు. రీసెర్చ్ చేస్తున్న ఒక అమ్మాయి అటే వెళ్తోంది, ఆమెతో పంపారు. శ్రీకాకుళం వైపు మాట. నన్ను సార్ అంది, వీణ్ణి "ఏటి తమ్ముడూ, బడి లేదా?" అంది. వాడు పొట్ట పట్టుకున్నాడు.

లోపల గాజు తలుపుల వెనక రాళ్లు. ఒక్కోదాని ముందు చిన్న చీటీ, మీద పేరు, దొరికిన ఊరు. కాసేపు నాకు నా అంగడే గుర్తొచ్చింది, ధర చీటీలు లేవంతే. నా దగ్గర ప్రతి రాయినీ నిలబెట్టి మెరుగు పెడతాం. ఇక్కడ వాటిని పగలగొట్టిన ముఖంతోనే ఉంచారు. రాయి లోపలి సంగతి తెలిసేది పాలిష్‌లో కాదు, విరిగిన చోటే అని ఆ అమ్మాయి చెప్పింది.

మొదట గట్టిదనం కొలిచే పది ఖనిజాలు. 1812లో మోస్ అనే జర్మన్ ఆయన పెట్టిన వరస అట. ఒకటో నంబరు దగ్గరే నేను ఆగిపోయాను. చీటీ మీద టాల్క్ అని ఉంది. అది మన బలపం రాయి! చిన్నప్పుడు పలక మీద రాసిందీ, క్వారీలో బండ మీద గీత గీయడానికి మా మేస్త్రీలు ఇప్పటికీ వాడేదీ అదే. మూడోది కాల్సైట్, మా కడప బండలో ఉండే సరుకు. ఏడోది పలుగురాయి. తొమ్మిదోది కొరండం. ఆ మాట మన కురువిందం నుంచే పోయిందని ఆమె అంటే నేను నమ్మడానికి ఒక క్షణం పట్టింది. మా పాలిష్ మిషన్లకు తగిలించే రాళ్ల పొడి అదే జాతి. పదోది వజ్రం. గ్రానైట్ కోసే మా రంపం బిళ్లల అంచున ఉండేది వజ్రపు పొడే. పైనున్నది కిందదాన్ని గీస్తుంది, కిందది పైదాన్ని గీయలేదు. రోజూ చేసే పని ఇదే, దానికి నంబర్లు ఉన్నాయని తెలియదంతే. మన గోరు రెండున్నర అని ఆమె అనగానే చిన్నోడు తన గోరును కొత్తగా చూసుకున్నాడు.

ఆ తర్వాత మా మధ్య ఒక ఆట మొదలైంది. ఆమె చీటీ చదువుతుంది, నేను మా అవ్వ పేరు చెబుతాను. మైకా అంటే కాకిబంగారం. మాగ్నటైట్ అంటే సూదంటురాయి. ఆస్‌బెస్టాస్ అంటే రాతినార, పులివెందుల దగ్గరిది, మాకు పక్క ఊరు లెక్క. బెరైటీస్ అంటే మంగంపేట ముగ్గురాయి. "ఇది ఎత్తి చూడు తమ్ముడూ" అని ఆమె ఒక ముక్క బయటికి తీసి ఇచ్చింది. వాడి చెయ్యి ఒక్కసారి కిందికి దిగిపోయింది. అంతే ఉన్న నీళ్లకంటే నాలుగున్నర రెట్లు బరువట. చమురు బావులు తవ్వేటప్పుడు ఈ పొడి బురదలో కలిపి లోపలికి పంపిస్తారు, కింది నుంచి గ్యాసు ఎగదన్నకుండా ఆ బరువు అదిమి పట్టి ఉంచుతుంది. మేము దాంతో వాకిట్లో ముగ్గులు వేసుకున్నాం. ఆమె మా అవ్వ పేర్లన్నీ ఫోన్‌లో ఎక్కించుకుంది. అది చూసి నాకు కలిగిన సంతోషం, ఏ లారీ లోడు అమ్మినప్పుడూ కలగలేదు.

ఇక నా కుంభకోణం. చీమకుర్తి గెలాక్సీ గురించి నేనే అడిగాను. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, మా అంగడిలో ఎక్కువ అమ్ముడుపోయేది, అడుగు నూట అరవైకి పైమాటే. అది గ్రానైట్ కాదట. గాబ్రో కుటుంబమట. గ్రానైట్‌లో పలుగురాయి దండిగా ఉండాలి, రంగు తేలిగ్గా ఉంటుంది. ఇది భూమి లోపల మాగ్మా, అంటే కరిగిన రాయి, నిదానంగా చల్లారి గట్టిపడిందే గానీ, ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న నల్ల జాతి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు. "మీ వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టేదంతా గ్రానైటే కదా సార్" అంది, నవ్వకుండా. చిన్నోడు మాత్రం నవ్వాడు. నిన్నటి అంగడి కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి మీద నిమ్మకాయ పిండొచ్చాను, నా మీద పిండేవాళ్లు లేక ఇన్నాళ్లూ గడిచింది.

కిటికీ పక్కన ఒక మురికి ఎర్ర రాయి. నేనైతే క్వారీలో పక్కకు తోయించేవాణ్ణి. పేరు ఖొండలైట్. ఒడిశా కొండల్లోని ఖోండులనే గిరిజనుల పేరు మీద వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో పెట్టాడు. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో చాలావరకు ఇదే, కైలాసగిరితో సహా. ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న బంకమట్టి. భూమి లోతుల్లోకి దిగి, దాదాపు వంద కోట్ల ఏళ్ల క్రితం ఆ వేడికీ ఒత్తిడికీ ఉడికి ఇలా మారింది. ఆమె భూతద్దం ఇచ్చింది. దాంట్లోంచి చూస్తే ఎర్రగా దానిమ్మ గింజలు, గార్నెట్. మన గోమేధికానికి దాయాదులు. సన్నటి తెల్ల పుల్లలు సిల్లిమనైట్. నల్ల రేకులు గ్రాఫైట్, పెన్సిల్లో ఉండేదే. "వైజాగ్ బ్లూ" అని మేము అమ్మే పలకలో ఎర్ర చుక్కలు ఉంటాయి. అవి ఏమిటని కొనేవాళ్లు అడిగితే డిజైన్ అని చెప్పేవాణ్ణి.

దాని పక్కనే చార్నొకైట్, నల్లగా జిడ్డు మెరుపుతో. దాని కథ నాకు అన్నిటికంటే నచ్చింది. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సమాధికి మద్రాసు దగ్గరి పల్లావరం నుంచి రాయి తెప్పించారు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1893లో, హాలండ్ అనే ఆయన ఆ సమాధి రాయిని పరీక్షించి దాని జాతికే చార్నాక్ పేరు పెట్టాడు. నేను ఎన్నో సమాధి రాళ్లు చెక్కించాను. రాయి మీద మనిషి పేరు ఎక్కించడమే తెలుసు, మనిషి పేరు రాయికే ఉండిపోవడం ఇదే వినడం.

మాంగనీసు ముక్కలూ చూపించింది, బొగ్గులా నల్లగా, చేతికి మసి అంటేలా ఉన్నాయి. చీపురుపల్లి దగ్గరి కోడూరు గని పేరు మీద కోడురైట్ అని ఒక రాతికి పేరుందట. 1933లో విశాఖ రేవు తెరిచాక ఓడలెక్కిన సరుకుల్లో ఈ మాంగనీసు ముఖ్యమైనది. మా బావమరిది పోర్టులోనే ఉద్యోగం, వాడికి ఈ సంగతి చెప్పాలనుకున్నాను.

ఈ విభాగం 1941లో మొదలైంది. పెంచి పెద్దది చేసింది ప్రొఫెసర్ సి. మహదేవన్ గారు. అంతకుముందు కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన మనిషి. 1950లలో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వచ్చి ఇక్కడి వాళ్లతో కలిసి బంగాళాఖాతం అడుగు కొలిచాడు. ఆ లోతుల్లో దొరికిన ఒక లోయకు మహదేవన్ గారి పేరే పెట్టారట.

చివరికి చిన్నోడు పౌడరు డబ్బా తీశాడు. నాకు కాస్త సిగ్గేసింది. ఆ అమ్మాయి మాత్రం తెల్ల కాగితం పరిచి, చిటికెడు పోసి, కిటికీ వెలుతురులో పెట్టింది. అయస్కాంతానికి అంటినవి మాగ్నటైట్. అంటని నల్లవి ఎక్కువగా ఇల్మనైట్, టైటానియం వచ్చేది అందులోంచే, గోడలకు వేసే తెల్ల రంగుకు వాడేది ఆ టైటానియమే. ఎర్రవి గార్నెట్. కొండ మీద ఖొండలైట్ ఎండకూ వానకూ చివికిపోతే, గట్టివి, బరువైనవి మిగిలి వాగుల్లో కొట్టుకొస్తాయి. అల తేలికైన ఇసుకను లాక్కుపోతుంది, బరువైనవి ఒడ్డున చారలుగా నిలుస్తాయి, చేటలో బియ్యం చెరిగినట్టు.

మా ఊళ్లో వాటర్‌జెట్ మిషన్ ఉంది. నీళ్ల ధారలో ఎర్రపొడి కలిపి రాయిని పువ్వుల్లా కోస్తుంది. ఆ పొడి సంచుల మీద గార్నెట్ అని రాసి ఉంటుంది. ఆ సంచులు నేనే మోయించాను. కంపెనీ పేరనుకున్నాను.

రాత్రి వంజరం వేపుడు. చారులో బెల్లం ఉందో లేదో గమనించనేలేదు. మాంగనీసు సంగతి చెబితే మా బావమరిది "అవునా బావా" అని టీవీ వైపు తిరిగాడు.

డిసెంబర్ 13, రెండో శనివారం: మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

ఈసారి కడుపునొప్పి అక్కర్లేదు, సెలవే. 900కె బస్సెక్కి భీమిలి దారి పట్టాం. ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం, కిటికీలోంచి చిన్నోడు ప్రతి కొండకూ ఖొండలైట్, ఖొండలైట్ అని అరుస్తుంటే కండక్టర్ ఏ స్టాపు అదని అడిగాడు.

తొట్లకొండ ఎక్కాం. బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం కొండ రాతిలోనే తొలిచిన తొట్లున్నాయి, పేరు వాటి వల్లే. ఒక తొట్టి అంచున చేత్తో తడిమి చూశాను. ఉలి పని తెలిసినవాళ్లకు ఆ మూలలు ఎంత కష్టమో అర్థమవుతుంది. వజ్రపు రంపం లేదు, కరెంటు లేదు, మధ్యలో గార్నెట్ గింజలు ఉలి మొన తినేస్తాయి. అంతసేపు నిలబడ్డానని చిన్నోడు విసుక్కున్నాడు. కింద మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం దగ్గర ఫోటోలకు జనం వరస కట్టారు, మేము దూరం నుంచి చూసి వచ్చేశాం.

ఎర్రమట్టి దిబ్బల దాకా ఆటో నూట యాభై. ఇక్కడ మళ్లీ దారి తప్పాను, ఈసారి కావాలనే అన్నట్టు. వాన కోసిన కాలువల్లోంచి నడుస్తుంటే రెండు పక్కలా ఎర్ర గోడలు, మలుపు తర్వాత మలుపు, ఎటు చూసినా ఒకలాగే. సముద్రం చప్పుడు వినిపిస్తుంది, కనబడదు. ఇది మట్టి అనుకుంటాం, నిజానికి ఇసుక. సుమారు ఇరవై వేల ఏళ్ల క్రితం సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ కుప్ప పోసింది. రేణువుల మీద ఇనుప తుప్పు పొరలా పట్టి ఎర్రబడింది. ఇలాంటివి మన దేశంలో తమిళనాడు తీరాన ఉన్నాయి, శ్రీలంకలో ఉన్నాయి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

చిన్నోడు పౌడరు డబ్బా మూత తీశాడు. "అక్క ఇక్కడ తీయొద్దని చెప్పింది కదరా" అన్నాను. బీచిలో అల రోజూ కొత్త ఇసుక తెస్తుంది, ఇక్కడ తెచ్చేవాళ్లు లేరు అని ఆమె నిన్న చెప్పి పంపింది. వాడు మూత పెట్టేసి, "మరి చెప్పుల్లో వచ్చేదో?" అన్నాడు. దానికి నేను పూచీ కాదన్నాను.

భీమిలిలో ఒక చిన్న హోటల్లో రొయ్యల వేపుడుతో భోజనం, ఇద్దరికీ నాలుగు వందల అరవై. వడ్డించే ఆవిడ "ఇంకొంచెం ఏసుకోండి బావు, మొగమాటమేటి" అంటూ అన్నం పెడుతూనే పోయింది, చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. తర్వాత పాత డచ్చివారి సమాధులు చూశాను. అక్షరాలు లోతుగా చెక్కారు, వందల ఏళ్ల ఉప్పు గాలికి కూడా చాలావరకు నిలిచాయి. ఆ చేతిపనికి ఇవాళ ఎంత అడగొచ్చో మనసులో లెక్క వేశాను.

సాయంత్రం వంటింటి రాయి తేల్చేశాం. గెలాక్సీనే. గ్రానైట్ కాదని చెల్లెమ్మకు చెప్పాను. నిమ్మకాయ పడితే మచ్చ పడదు కదా అన్నయ్యా, అయితే చాలు అంది.

డిసెంబర్ 18, తాడిపత్రి

మొన్న అంగడిలో చీటీలు రాశాను, ఒక్కో పలక కింద ఒకటి. కడప బండ: సున్నపురాయి. వైజాగ్ బ్లూ: ఎర్రచుక్కలు గార్నెట్. గెలాక్సీ: గాబ్రో, గ్రానైట్ కాదు, చీమకుర్తి. మా దగ్గర పనిచేసే పిల్లోడు చదివి, "గాబ్రో అంటే కొత్త కంపెనీనా అన్నా?" అన్నాడు.

నిన్న పుట్లూరు నుంచి ఒకాయన వంటింటి గట్టుకని వచ్చాడు. గెలాక్సీ చూశాడు, తడిమాడు, ధర అడిగాడు, తర్వాత వంగి చీటీ చదివాడు.

"గ్రానైట్ కాదని నువ్వే రాస్తివి కదప్పా. అయితే తగ్గిచ్చి ఇయ్యి."

అడుక్కు ఐదు రూపాయలు తగ్గించాను. చీటీ తీయలేదు.